మూడు గీతల పిడి

తక్కెడ ఎక్కడ ఆగిందో ఒకసారి చూసుకుని మళ్లీ తూకానికి దిగుదాం.

ఒక తట్టలో ధర్మవరం రైలుకట్ట పక్కనున్న రేకుల కొట్టం, అందులో తాడు లాగి కొయ్యను తిప్పే పాతకాలపు తరిమెన, దాని ముందు రెండేళ్లుగా మగ్గాల వాళ్లకు కండెలు తిప్పి బతుకుతున్న అమీర్ బీ. రెండో తట్టలో ఆమె మొగుడి అన్న, బావ నూర్ మహమ్మద్, బజారులో అతని కరెంటు లేతు, అతని నోటిమాట. ఈ రెంటి మధ్య తక్కెడ ముల్లులాగా నూర్ మహమ్మద్ నాయన లాల్ సాబ్ ఎప్పుడో పెట్టిపోయిన కట్టుబాటు ఒకటి: "మూత చేసినోడిదే తరిమెన."

కండెలు, మంచంకోళ్లు, ఊయల గుబ్బలు లక్ష తిప్పినా ఆ ఇంట్లో అది పని కింద లెక్క కాదు. కడుపు తొలిచి, మూత కుదిర్చి, మూత పట్టుకుని ఎత్తితే కింది పాత్ర జారిపోకుండా చేసినవాడే పనివాడు. అమీర్ బీ మొగుడు రహంతుల్లా అలాంటిదొకటి చేయకుండానే కామెర్లతో పోయాడనీ, కాబట్టి కొట్టం, తరిమెన తనకే రావాలనీ నూర్ మహమ్మద్ పట్టు. అంతలో పట్టుచీరల సావుకారు గంగాధరప్ప, పెళ్లిచీరతో పాటు ఇవ్వడానికి కొయ్య కుంకుమభరిణలు కావాలని అడిగాడు. నూర్ మహమ్మద్ "గిట్టదు" అన్నాడు. అమీర్ బీ "నేను చేస్తా" అంది. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక సావుకారు ఎదుట పరీక్ష అని మాట కుదిరింది. భరిణ నిలిస్తే తరిమెన ఆమెది. నిలవకపోతే కొట్టం తాళంచెవి బావది.

రెండు దిమ్మెలు పాడయ్యాయి. మిగిలింది ఒకటే. శుక్రవారం పొద్దు బారెడు ఎక్కింది.

కొట్టం బయట ఆషాఢపు గాలి. ఈ సీమలో ఆ గాలికి వాన తీసుకురావడం చేతకాదు, ఉన్న తడిని ఎత్తుకుపోవడమే వచ్చు. రేకులు డబడబమంటున్నాయి. తరిమెనకు అటువైపు, నేలమీద కాళ్లు బారచాపి, తాడుకు రెండు కొసలా ఉన్న కొయ్య పిడులను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది మదీనాబీ. ఆమె నూర్ మహమ్మద్ పెళ్లామే. పరీక్షకు నిలబడ్డది తోడికోడలు, ఎదురు నిలిచింది మొగుడు, తాడు మాత్రం తన చేతిలో. "తాడు లాగే మనిషి లేక ఓడిపోయిందంటారు. ఆ మాట మనకెందుకు?" అని మొగుడికి చెప్పి వచ్చింది. మదీనాబీ ఏ మాటైనా రెండు వైపులా తూచి చెబుతుంది.

"అక్కా, ఎడమచెయ్యి గట్టిగా లాగు. కుడిది ఊరికే పోనీ."

"పద్దెనిమిదేండ్లు లాగినదానివని నాకు నేర్పిస్తాండావా? నా భుజాలు పట్టేసినాయి మ్మే. నీ మొగుడు ఏం పెట్టి నీతో లాగించినాడో!"

"మాటలు పెట్టి లాగించినాడు."

"అంతకన్నా చౌక సరుకు యాడ దొరుకుతాదిలే."

అమీర్ బీ నవ్వింది గాని కళ్లు మదీనాబీ ఎడమ మోచేతి మీదనుంచి తిప్పలేదు. తాడు తరిమెన ఒకే దిక్కు తిరగదు. ఎడమ పిడి లాగితే కొయ్య ఇటు, కుడి పిడి లాగితే అటు. ఇటు తిరిగేటప్పుడే ఉలి ఆనాలి, అటు తిరిగేటప్పుడు ఎత్తేయాలి. ఇది ఎవరికైనా ఒక్కరోజులో వచ్చే విద్య, ఆమెకు తప్ప. పద్దెనిమిదేళ్లు మొగుడి ఎదుట కూర్చుని ఆ పిడులు లాగిన ఒళ్లు అది. ఎడమ లాగుడుకు వెనక్కి వాలేది, కుడి లాగుడుకు ఊపిరి వదిలి ముందుకు వంగేది. ఇప్పుడు ఉలి చేతికొచ్చినా ఒళ్లు పాత లెక్కే తీసింది. వెనక్కి ఉండాల్సిన వేళ ముందుకు వంగింది. మొదటి దిమ్మె గోడ చీలిపోవడం అందువల్లే. కొత్తగా నేర్చుకున్నవాడు చేయని తప్పు, పని తెలిసిన మనిషి చేసిన తప్పు.

రెండో దిమ్మెకు ఆ తప్పు చేయలేదు. కడుపు తొలిచింది, మూత కుదిర్చింది, బ్రహ్మాండంగా కుదిరింది. తెల్లారేసరికి మూత చిన్నపిల్లకు పెద్దమ్మ రవిక తొడిగినట్టు వదులైంది. రాత్రంతా గాలి తడి లాగేసింది, గుండ్రంగా ఉన్నది గుడ్డులా సాగింది. తడి చెనక్కాయ తూకానికి దుడ్లు కట్టినవాడి గతి ఎట్లుంటుందో అదీ అంతే. ఆరకముందు లెక్క, లెక్క కాదు.

అందుకే మూడోదాన్ని మంగళవారమే మొద్దుగా తొలిచింది. మూత ముక్కను, పాత్ర ముక్కను దాని చెక్కపొట్టులోనే పూడ్చి మూడు రోజులు ఆరనిచ్చింది. ఆ దిమ్మె రహంతుల్లా కుందుర్పి గుట్టల్లో పాలకొడిశ చెట్టు కొట్టించి, మూడు ఎండాకాలాలు ఆరబెట్టి ఉంచిపోయినది. ఇక అలాంటిది లేదు.

తరిమెన మొనకు బిగించిన కొయ్య గుంతలో దిమ్మె అడుగు దిగ్గొట్టింది. ఎదురు పక్క ఖాళీ. కడుపు లేని గట్టి చెక్కకైతే రెండు పక్కలా మొనల ఆసరా ఉంటుంది. కడుపు తొలిచే పనికి ఒక పక్కే. పట్టు తప్పితే దిమ్మె ఎగిరి మొగం మీదికే వస్తుంది.

"లాగక్కా."

ఉలి లోపలికి పోయింది. లోపల ఏం జరుగుతుందో కళ్లకు కనబడదు, చెవికి వినబడాలి. మందంగా ఉన్నంతసేపు బొంగురుగా మోగింది. గోడ పలచబడేకొద్దీ గొంతు సన్నబడింది. రహంతుల్లా ఎప్పుడో అన్నమాట గుర్తొచ్చింది: "కొయ్య కూత పెట్టకముందే ఆగల్ల." ఆగింది. వేపపుల్లకు గాటు పెట్టి లోతు చూసింది. అడుగున వేలెడు మందం ఉంది. చాలు.

తర్వాత మూత కూర్చునే అంచు. ఒక వెంట్రుక మందం తీస్తుంది, మూత పెట్టి చూస్తుంది. పట్టదు. మరో వెంట్రుక. పట్టదు. ఏడోసారో ఎనిమిదోసారో మూత నొక్కితే గాలి బయటికి నెట్టుకొస్తూ నెమ్మదిగా దిగింది. అమీర్ బీ మళ్లీ పైకి లాగింది.

టప్!

సోడాబుడ్డి కొట్టినట్టు.

"ఓయమ్మ!" అంది మదీనాబీ, పిడులు వదిలేసి.

అమీర్ బీ మూత పెట్టి, మూత పట్టుకుని భరిణను ఎత్తింది. ఊపింది. తలకిందులు చేసింది. జారలేదు. మూతను కొంచెం కొంచెంగా తిప్పితే ఒకచోట మూత నార, పాత్ర నార కలిసి ఒకే చెట్టయ్యాయి. గెలిచాననుకుంది. ఎండ నడినెత్తికి రాలేదు, ఇంకా రంగు వేయడానికి పొద్దుంది.

"అంతా బాగుండాది గాని మ్మే, మూత కలిసినచోట గీత కనబడుతాంది," అంది మదీనాబీ.

నిజమే. ఎంత బాగా కుదిరినా సన్నటి గీత. రంగు వేసినా తెలుస్తుంది. అమీర్ బీ కాసేపు చూసింది. అంగట్లో నాసిరకం బట్ట ఒక్కటే ఉంటే ఎవరైనా పట్టుకుంటారు. అలాంటివే రెండు పక్కన పరిస్తే అది రకం అనుకుంటారు.

"లాగు," అంది. కలిసినచోట ఉలిమొన ఆనించి ఆ గీతనే కొంచెం లోతు చేసింది. దానికి పైన ఒక గీత, కింద ఒక గీత. మూడు గీతలు. ఇప్పుడు అవి అలంకారం. నడిమిది మూత అతుకని చెబితే తప్ప తెలియదు.

ఎర్ర లక్క పుల్ల ఆనించింది. తిరిగే కొయ్య వేడికి లక్క కరిగి పట్టుకుంది. మొగలి ఆకుతో రుద్దింది. మెరుపు వచ్చింది. తాడు ఆగాక, వెచ్చగా ఉన్న ఆ మూడు గీతల మీద వేళ్లు ఆడించింది.

అక్కడ ఆగిపోయింది.

ఆ గీతలు ఆమెకు తెలుసు. కళ్లకు కాదు, చేతికి. ఎడమచేతి చిటికెన వేలి కింద, అరచెయ్యి అంచు ఆనేచోట, ఒకటి రెండు మూడు. నడిమిది కొంచెం లోతు. పద్దెనిమిదేళ్లు. రోజుకు ఎన్ని లాగుళ్లో అన్ని సార్లు.

తల ఎత్తి మదీనాబీ ఒళ్లో పడున్న ఎడమ పిడిని చూసింది.

"ఏమైంది మ్మే? దయ్యాన్ని చూసినట్ల చూస్తాండావు!"

"అక్కా, ఆ పిడి ఇయ్యి."

కుడి పిడి మామూలు కట్టెముక్క. ఎడమది జానెడు పొడుగు, పిల్లదాని ముంజేతి లావు, నడుమ తాడుముడికి గాడి, ఒక కొసన మూడు గీతలు. పెళ్లయిన కొత్తలో బొబ్బలెక్కాయంటే రహంతుల్లా తెచ్చి తాడుకు కట్టాడు. కుడిది సన్నగా, ఎడమది లావుగా ఎందుకని ఆమె అడిగింది. "ఎడమచెయ్యి అబలది, లావుంటేనే పట్టు దొరుకుతాది" అన్నాడు. నమ్మింది. నమ్మకపోవడానికి అందులో ఏముంది?

చెమటకు, నూనెకు నల్లబడిన ఆ కొయ్యను ఇప్పుడు వెలుతురుకు పట్టుకుంది. నడిమి గీతకు పైన నార ఒకతీరు, కింద మరోతీరు. రవ్వంత పక్కకు జరిగింది, అంతే. మూత చేయడం తెలియని కంటికి అది కొయ్య వంకర. మూత చేసిన కంటికి మూత.

"ఇది గట్టి చెక్క కాదక్కా."

"మరేంది?"

"దీనికి మూత ఉండాది."

మదీనాబీ మొగంలో రక్తం లేదు. ఎందుకో ఆమె ఆ మాటకు ఆశ్చర్యపోలేదు, భయపడింది. అమీర్ బీ అది గమనించే స్థితిలో లేదు. ముడి విప్పి పిడిని రెండు మొనల మధ్య బిగించింది. గీతలో పాత లక్క ఉంది, వేడి తగిలితే మెత్తబడాలి. ఎడమ కొసకు పిడి లేదు. మదీనాబీ వట్టి తాడు అరచేతికి చుట్టుకుని లాగింది. అమీర్ బీ గీత మీద గుడ్డ నొక్కి పట్టింది. పొగ వాసన వచ్చేదాకా పట్టింది. మొనలనుంచి తీసి, రెండు చేతులా పట్టుకుని తిప్పింది.

మూత కదిలింది.

టప్ అనలేదు. ముసలివాడు నిట్టూర్చినట్టు చిన్న గాలి వదిలి ఊడొచ్చింది. లోపల చెక్కపొట్టు, పండుటాకు రంగులో, దూది దట్టించినట్టు దట్టించి ఉంది. అందుకే ఇన్నేళ్లూ గలగలమనలేదు. అమీర్ బీ ఆ పొట్టును ఒళ్లో పోసుకుంది. ఇంకేమీ లేదు. మూతను తిప్పి లోపలివైపు చూసింది. పచ్చ లక్క బొట్టు. బొట్టు మీద బొటనవేలి ముద్ర. ముద్ర నడుమ, పైనుంచి కిందికి, వేలు రెండుగా చీలినట్టు ఒక గాటు.

లాల్ సాబ్ బొటనవేలు ఉలి దెబ్బకు చీలి అతుక్కున్నదని ధర్మవరంలో మగ్గం ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు.

ఆ ఇంటి పద్ధతి అదీ: మొదటి మూత పాత్ర ఉస్తాదు చేతికివ్వాలి. ఆయన చూసి, నిలిచిందంటే మూత లోపల వేడి లక్క చుక్క వేసి బొటనవేలు నొక్కాలి. దాని కడుపులోంచి తీసిన పొట్టు దానికే పోసి, మూత మూసి, లక్క పూయాలి. అది ఇక అమ్మకూడదు, తెరవకూడదు. మూసిందే ముద్ర, తెరవకపోవడమే పరువు.

రహంతుల్లా మూత చేశాడు. వాళ్ల నాయన బతికుండగానే చేశాడు. ముద్ర వేయించుకున్నాడు. తెచ్చి పెళ్లాం చేతిలో పెట్టాడు. ఒక్క మాట చెప్పకుండా.

అమీర్ బీకి చెవుల్లో గాలి హోరు తప్ప ఇంకేం వినబడలేదు. ఆమెకు గుర్తొచ్చింది నూర్ మహమ్మద్ మాటలు కావు. పెళ్లిళ్లలో, పీర్ల పండగల్లో "మా తమ్మునికి మూత పడలేదప్పా" అని అతను పదిమందిలో నవ్వించిన మాటలు కావు. తన మాట. ముదిగుబ్బకు పోయి తమ ఎండిన చేను చూసొచ్చిన ఏడు, ఇంట్లో రాగిసంకటికి కూడా గతిలేని ఒక పొద్దు, తనే అంది: "ఒక మూత చేయలేనోడివి, నీకు పెండ్లి ఎందుకు?" ఆ పొద్దు రహంతుల్లా కిందపడున్న ఎడమ పిడి తీసి, దుమ్ము తుడిచి, ఆమె చేతికిచ్చి, "లాగు" అన్నాడు. అంతే.

"ఎందుకు చెప్పల్యా?" అంది, పిడితోనే. "నా చేతిలో పెట్టి నాకెందుకు చెప్పల్యా?"

"నా వల్ల చెప్పల్యా," అంది మదీనాబీ.

అమీర్ బీ తిరిగి చూసింది. మదీనాబీ అరచెయ్యి తాడు ఒరిపిడికి ఎర్రగా కందింది. దాన్నే చూసుకుంటూ మాట్లాడింది.

"నీ బావ మా అంగట్లో, ముందర అల్మారాలో తెల్లగుడ్డలో చుట్టి పెట్టుకున్నాడే, ఆయప్ప మొదటి మూత పాత్ర. నేను ఆ ఇంటికొచ్చిన ఏడు, కమ్మలు దాచుకుందామని దాన్ని తీసినా. తెరవగూడదని నాకెవరు చెప్పినారు? తిప్పినా, లాగినా, కత్తిమొన పెట్టినా. రాదు. ఎట్ల వస్తాది? అది భరిణ కాదు మ్మే. గట్టి చెక్క. పైన మూడు గీతలు గీసినాడు, లక్క పూసినాడు. అంతే ఉండాది దాంట్లో."

రేకులు డబడబమన్నాయి.

"మామ ముద్ర?"

"గట్టి చెక్కకు ముద్ర యాడ ఏస్తాడు? నేను కత్తి పెడతాంటే నీ మొగుడు వాకిట్లోనుంచి చూసినాడు. అప్పటికి మీ పెండ్లి కాలేదు. ఆయప్పకు నవ్వొస్తాదనుకున్నా. రాలేదు. 'వదినా, గుడ్డ చుట్టి యాడిది ఆడ పెట్టు. అన్న పరువు అది' అన్నాడు. తనది యాడ దాచినాడో నాకు తెలీదు. చేసినాడని మాత్రం ఆ మొగం చూస్తే తెలిసిపోయినాది. ఇరవైరెండేండ్లు మ్మే. నేను మోసినా. మొగుడి పరువు బరువు కాదంటారు. మోసినోళ్లకు తెలుస్తాది."

"గిట్టదు" అన్న మాట వెనక "చేతకాదు" అన్న మాట ఎంత తరచుగా దాక్కుంటుందో అంగడి పెట్టినవాళ్లకు తెలుసు. అమీర్ బీకి ఇప్పుడు తెలిసింది. గట్టి చెక్క అనుకున్నది పాత్ర. పాత్ర అనుకున్నది గట్టి చెక్క. ఇరవై రెండేళ్లుగా ఆ ఇల్లు తప్పుడు తూకంరాయితో తూచుకుంటూ వచ్చింది.

అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

"ఏమమ్మా, లోపలికి రావచ్చునా?" గంగాధరప్ప గొంతు. లావాటి మనిషి, ఏ వస్తువునైనా ముందు చేతిలో ఎత్తి చూసిగాని కంటితో చూడడు. వెనక నూర్ మహమ్మద్, నమాజు టోపీతో, చంకలో తెల్లగుడ్డ చుట్టిన వస్తువుతో. అమీర్ బీ పిడిని, దాని మూతను పైటచెంగు కిందికి లాక్కుంది. ఒళ్లోని పొట్టు అలాగే ఉంది.

"ఏదమ్మా నీ భరిణ?"

అమీర్ బీ ఎర్ర భరిణ అందించింది. గంగాధరప్ప మూత పట్టుకుని ఎత్తాడు. ఊపాడు. తలకిందులు చేశాడు. లాగితే టప్‌మంది. ఆయన మళ్లీ మూసి, మళ్లీ లాగాడు. చిన్నపిల్లవాడి మాదిరి నాలుగుసార్లు ఆ చప్పుడు విన్నాడు.

"భేష్! ఇది చీర మింద పెడితే చీరనే చూడరు గదప్పా జనం. నూర్ మహమ్మద్, నీ మరదలు గెలిచినట్లే."

నూర్ మహమ్మద్ భరిణను తీసుకోలేదు. దాని మూడు గీతలను చూశాడు. నమాజు టోపీ సర్దుకున్నాడు.

"నిలిచినాది, కాదనను. కానీ సావుకారీ, మా ఇంటి పద్ధతి నిలిస్తే సరిపోదు. మూత లోపల ఉస్తాదు వేలు పడల్ల. నాయన పోయినాడు. ఆయన తరవాత మూత చేసినోణ్ని నేనొక్కడినే. నేను వేలు పెట్టను. ఆడది తాడు లాగల్ల, ఉలి పట్టగూడదు. ఇది నా మాట కాదు, నాయన మాట."

"మామ అట్ల ఎప్పుడు అన్న్యాడు బావా?" అంది అమీర్ బీ.

"నువ్వు విన్న్యావా? నేను విన్న్యా. ఇదో, ఆయన వేలు దీంట్లో ఉండాది." తెల్లగుడ్డ విప్పాడు. పచ్చ లక్క భరిణ, మూడు గీతలు, ఇరవై రెండేళ్ల మెరుపు. "నా మూతలో మా నాయన వేలు ఉండాది. నీ మూతలో ఎవరి వేలు ఉండాది? చెప్పు. రహంతుల్లా చేసింటే వాని మీద మర్యాదకన్నా పెట్టేవాణ్ని. వానికే పడలేదు మూత. తాళంచెవి ఇయ్యి మ్మే."

గంగాధరప్ప ఎప్పటి అలవాటుగా ఆ పచ్చ భరిణను ఎత్తి చేతిలో ఆడించాడు. మరో చేతిలో ఎర్ర భరిణ. రెండూ ఒకే ఎత్తు, ఒకే లావు. ఆయన కనుబొమలు దగ్గరికొచ్చాయి. కుడిచెయ్యి పైకి, ఎడమచెయ్యి కిందికి.

"ఇదేందప్పా, నీది ఇంత బరువుండాది?"

"పాత కొయ్య సావుకారీ. నూనె తాగింటాది."

"పాత కొయ్య తేలిక గదా అయ్యేది?" అన్నాడు గంగాధరప్ప, ఎవరినీ అనకుండా.

అమీర్ బీ చెంగు కింద చెయ్యి పిడి మీద బిగిసింది. తీసి చూపిస్తే ఒక్క క్షణం పని. మొగుడి పేరు నిలుస్తుంది, తరిమెన నిలుస్తుంది. కానీ ఆ మొగుడే పద్దెనిమిదేళ్లు అవమానం తిని దేన్ని మూసిపెట్టాడో దాన్ని తనే పదిమందిలో తెరిచినట్టవుతుంది. చూపించకపోతే తాళంచెవి ఇవ్వాలి. ఏ తట్ట ఎత్తినా రెండోది నేలకు తగులుతుంది.

ఆమె చెయ్యి బయటికి రాకముందే మదీనాబీ లేచింది.

కందిన చేత్తో గంగాధరప్ప దగ్గర్నుంచి పచ్చ భరిణ తీసుకుంది. "ఏయ్, పెట్టు దాన్ని ఆడ!" అన్నాడు నూర్ మహమ్మద్. ఆమె పెట్టలేదు. వచ్చి, దాన్ని తరిమెన రెండు మొనల మధ్యా నిలబెట్టి, బిగించి, తాడు ఒక చుట్టు చుట్టింది. వెళ్లి తన చోట కాళ్లు బారచాపి కూర్చుంది.

"ఏం చేస్తాండావే?"

"మూత తీస్తాండా. నడిమి గీతలో ఉలి పెడితే మూత విడిపోతాదంట. నీ తమ్ముని పెండ్లాం ఇప్పుడే నేర్పించినాది." కుడిచేత్తో పిడి, ఎడమచేతికి వట్టి తాడు చుట్టుకుంది. "కడుపు ఉంటే ఉలి కడుపులో పడతాది. నాయన వేలు కనపడతాది. నీకు భయమెందుకు? నువ్వే అంటివి గదా, దాంట్లో ఉండాదని."

నూర్ మహమ్మద్ మొగం సున్నం కొట్టిన గోడైంది. ముందుకు ఒక అడుగు వేశాడు. గంగాధరప్ప చెయ్యి అతని భుజం మీద పడింది. గట్టిగా కాదు, కానీ తీయలేదు.

అమీర్ బీ సన్న ఉలి చేతిలోకి తీసుకుంది. నడిమి గీతకు వెంట్రుక దూరంలో పట్టింది. చెంగు కింద మొగుడి మూత తొడకు ఒత్తుకుంటోంది. తల ఎత్తి బావ కళ్లలోకి చూసింది. ఆ కళ్లు ఆమెను చూడటం లేదు, కింద ఆమె ఒళ్లోకి చూస్తున్నాయి, పండుటాకు రంగు చెక్కపొట్టు వైపు. అది ఎన్నేళ్ల నాటి పొట్టో, ఎవరి కడుపులోంచి వచ్చిన పొట్టో, ఆ ఇంట్లో పుట్టిన మనిషికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

"వాడు..." అన్నాడు నూర్ మహమ్మద్. "వాడు దాన్ని... ఇన్నేండ్లూ ఈడనే పెట్టుకున్న్యాడా?"

మదీనాబీ మొగుడి వైపు చూడకుండా, వెనక్కి వాలి, ఎడమచెయ్యి లాగింది.